బావ రాసిన చీటీ

పని దగ్గర నన్ను అందరూ మాస్టారు అంటారు. వయసు ముప్పై తొమ్మిది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో డిస్పాచ్ గుమాస్తాను. అక్కడే బాయిలర్ చూసే ఆపరేటర్ మా అక్క మొగుడు, నాకు బావ.

మా దగ్గర నాలుగు భాషలవాళ్లు పనిచేస్తారు. అందుకని మైకులో ఏం చెప్పినా ఇంగ్లీషులోనే చెప్పాలి. మైకు పైన బాయిలర్ గదిలో, బావ కుర్చీ పక్కనే ఉంటుంది. బావకి మైకంటే మహా సరదా. ఇంగ్లీషు మాటలు తన చెవికి ఎలా పడితే అలా చెప్పేవాడు. ‘లాస్ట్ బట్ నాట్ లీస్ట్’ని ‘లాస్ట్ బట్ నాట్ ద లిస్ట్’ అనేవాడు. మిషను ఆగి అందరికీ కాస్త విరామం దొరికితే, ‘బ్లెస్సింగ్ ఇన్ డిస్గైజ్’ అనబోయి ‘బ్లెస్సింగ్ ఇన్ ద స్కైస్’ అనేవాడు.

బావని ఆటపట్టించే హక్కు నాకుంది కదా అనుకున్నాను. అలాంటివి పదహారు ఏరి కాగితం మీద రాసి, భోజనాల గది తలుపుకి అంటించాను. నవ్వనివాళ్లు లేరు. బావ కూడా నవ్వాడు. "పదిహేడోదానికి చోటుంచరా" అన్నాడు.

మర్నాటి నుంచి బావ మైకు ముట్టుకోలేదు. చెప్పాల్సింది చీటీ మీద రాసి కిందికి తెచ్చి నాకిచ్చేవాడు, నేను పైకెళ్లి చదివేవాణ్ణి. "నువ్వయితే సరిగ్గా చెప్తావురా" అనేవాడు. మూడు నెలలు అలాగే నడిచింది. అది నాకు గొప్పగా ఉండేది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. కాగితం మాత్రం తియ్యలేదు.

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆవిరి గొట్టం అతుకు దగ్గర చీలడం బావ చూశాడు. ఆవిరి ఆపుదామంటే వాల్వు తిరగలేదు. కేకేస్తే మిషన్ల మోతలో వినపడదు. మైకు చెయ్యి చాపితే అందుతుంది. బావ చీటీ రాసుకుని, ఇరవై రెండు మెట్లు దిగి, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నేను గేటు దగ్గర లారీకి మూటలు ఎక్కిస్తున్నాను. ఆయన నన్ను చేరేసరికి పదకొండు ఇరవై ఆరు. చీటీ విప్పేలోపే గొట్టం పేలింది. ఇస్త్రీ మిషను దగ్గరి పెద్దావిడకి చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి.

మైకు పక్కనే ఉండి ఎందుకు చెప్పలేదని ఈ స్టేషన్లోనే మీరు బావని అడిగారు. ఆ ఒక్కదానికి ఆయన నోరు విప్పలేదు. నిర్లక్ష్యమని కేసు రాశారు. అయ్యా, ఆ నోరు మూయించింది నేను. తలుపు మీది కాగితం తెచ్చి మీకిచ్చాను. అందులో రాత నాది.

చీటీ కూడా ఇస్తున్నాను. ‘ప్లీజ్ ఎవ్రీబడీ గో అవుట్’ అని ఉంది. ఒక్కో మాటా రెండు మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాశాడు. చివరికి మిగిలినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు.

ఇది నాకు చదివి వినిపించి, దిద్దాల్సింది ఏమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. ఎవరి బలవంతమూ లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

(సంతకం)