గాలం కన్ను

అధ్యక్ష స్థానంలో కూర్చుని అప్పుడే రెండుసార్లు చేతి గడియారం చూసుకున్న దశరథం గారికి, ఆయన పక్కనే ఉన్న మా కేంద్రం మేనేజర్ సాయికుమార్‌కు, నిజామాబాద్ నుంచి వచ్చిన పెద్దలకు, ఇంత ఎండలో పోచంపాడ్ వైపు నుంచి బండ్ల మీద వచ్చిన గాలపు వాళ్లకు, ముందు వరసలో కూర్చుని నేను తిట్టడం ఎప్పుడు మొదలుపెడతానా అని చూస్తున్న నా ఆడవాళ్లకు అందరికీ రాధాబాయి దండాలు.

బోధన్‌లో ఈకల ఎరలు కట్టే మా కేంద్రంలో, కట్టిన ప్రతి ఎరనూ చూసి బాగున్నది డబ్బాలో, బాగాలేనిది పక్కన పడేసే పని ఇన్నాళ్లూ నాది. ఇవాళ దిగిపోతున్నాను కాబట్టి నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చోవాలి. ఇంట్లో అద్దం ముందు చెప్పుకుని కూడా వచ్చాను. కానీ దశరథం గారు ఈ దండ నా మెడలో వేయగానే ఆ మాటలన్నీ ఎటో పోయాయి. చూడండి, పూల మధ్యలో ఈ బంగారు తీగ. గోటితో ఒక్కసారి గీకాను. (వేలు పైకెత్తి చూపించారు) బంగారమంతా నా గోటికి వచ్చేసింది! (నవ్వులు) నవ్వకండి, ఇది ఎవరు కొన్నారో నాకు తెలుసు. సాయికుమార్, తల దించుకోకు నాయనా, నీకు కూడా చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది.

తెలియని పెద్దల కోసం చెబుతాను. మేము గాలానికి వానపాము గుచ్చం. ఈక కట్టి, జరీ తీగ చుట్టి, చిన్న పురుగులానో చిన్న చేపపిల్లలానో కనిపించేటట్టు చేస్తాం. ఆ తీగ ఎందుకంటే, నీళ్లలో చేపపిల్ల పక్కకు తిరిగినప్పుడు దాని పొట్ట చటుక్కున మెరుస్తుంది చూశారా, ఆ మెరుపు కోసం. చటుక్కున మెరవాలి, అంతే. పెళ్లి పందిరిలా వెలిగిపోతే కొర్రమీను దగ్గరికి రాదు, బెదిరి పోతుంది. నీళ్లు తేటగా ఉంటే వెండి తీగ, వానలు పడి గోదావరి ఎర్రబడితే బంగారు తీగ. గోటితో గీకి చూడాలి, గిన్నెలో నీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టాలి. ఇంతకంటే ఏమైనా కష్టమా ఇది?

ఇదిగో ముందు వరసలో కూర్చున్న మా నాగవ్వకు కష్టమే. ఒక ఏడు వినాయకుడి మంటపం విప్పిన మర్నాడు గోనెసంచి నిండా తళుకుల తోరణాలు మోసుకొచ్చింది. "రాధక్కా, ఊరికెనే ఇచ్చిండ్రు, గింత మెరుస్తున్నది గదా, చేపకు ఇంకేం గావాలె?" అంది. నానబెట్టాను. తెల్లారేసరికి గిన్నెలో నీళ్లు మెరుస్తున్నాయి, తీగ మాత్రం వెలిసిన కాగితంలా ఉంది. "గయితే నీళ్లనే కడదాం అక్కా" అంది మళ్లీ! (నవ్వులు) నాగవ్వా, నవ్వకు, నీ సంగతే చెప్తున్న.

ఈకల సంగతి ఇంకా అన్యాయం. నీటి మీద తేలే ఎరకు పుంజు మెడ ఈక కావాలి, బిరుసుగా నిలబడుతుంది. మునిగే ఎరకు పెట్ట ఈక కావాలి, మెత్తగా నీళ్లలో విచ్చుకుని ముడుచుకుంటుంది, ప్రాణం ఉన్నట్టే కనిపిస్తుంది. కోళ్ల దుకాణంలో వేడినీళ్లలో ముంచి పీకిన ఈక వద్దు, పొడిగా పీకింది తెండి అని మొత్తుకుంటాను. వీళ్లు ఏం తెస్తారు? పుంజు తోక! నిగనిగలాడుతూ, జానెడు పొడవు! అక్కా, మస్తున్నది గదా అంటారు. మస్తుగానే ఉంటుంది, టోపీకి పెట్టుకోవచ్చు. ఈక పోగు గాలం వంపును కొంచెం దాటాలి, అంతే. ఇంకా పొడుగైతే చేప ఆ కొస పట్టుకుని లాగి వదిలేసి పోతుంది, గట్టు మీద మనిషి ఉత్త గాలం చూసుకుంటూ కూర్చుంటాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, గాలం కన్ను, అంటే గాలానికి దారం ఎక్కించే బెజ్జం, ఒక ఎత్తు. మేమందరం బీడీలు చుట్టిన వాళ్లమే. బీడీ చుట్టాక ఏం చేస్తాం? మూతి దగ్గర ఆకును గోటితో లోపలికి నొక్కి మూసేస్తాం. ఆ నొక్కుడు వేళ్లలోంచి పోదు. ఎర ఎంత అందంగా కట్టినా సరే, చివర ముడి వేశాక ఆ వేలు తనంతట తానే పోయి గాలం కన్ను మీద దారాన్ని, ఈకను నొక్కేస్తుంది, ముడి ఊడకుండా పైన గోళ్లరంగు చుక్క పెడతారు, అది ఎండి రాయి అవుతుంది. ఇక ఆ కన్నులోకి గాలం దారం ఎట్లా ఎక్కుతుంది? ఒకసారి మెండోర నుంచి మా ఎరలు కొనే నాగేందర్, అదిగో ఆ మూల నిలబడ్డాడే, ఆయనే, సంచి తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. "అవ్వా, గివి గాలాలా, బీడీలా? అంటుపెట్టుకుని తాగాలెనా?" అన్నాడు. అవి నేను చూసి పంపినవి కావు, నేను కంటి ఆపరేషన్‌కు పోయినప్పుడు చూడకుండా పంపినవి. అన్నీ నాగవ్వ కట్టినవే.

ఇప్పుడే సాయికుమార్ మైకులో ఏమని చెప్పాడు? రేపటి నుంచి నా బల్ల దగ్గర కూర్చునేది నాగవ్వ అని! ఈ మాట నాకు ముందు చెప్పి ఉంటే నేను అసలు ఈ మెట్లు ఎక్కేదాన్నే కాదు. (నవ్వులు) నవ్వులాట కాదు.

నాకు పోవాలని లేదు. నిజం చెబుతున్నాను, ఎవరూ నన్ను పొమ్మనలేదు, నా కళ్లే పొమ్మన్నాయి. ఆపరేషన్ బాగానే అయింది, డాక్టర్‌ను అనడానికి లేదు. అక్కడ దశరథం గారి గడియారంలో ముల్లు కనిపిస్తోంది, ఇక్కడ నా చేతిలో గాలం కన్ను మాత్రం అద్దాలు పెట్టుకున్నా కనిపించడం లేదు. కనిపించనిదాన్ని బాగుందని డబ్బాలో వేయలేను. నాకు ఉన్న బాధ ఒక్కటే, నేను లేచాక ఆ బల్ల మీదికి వచ్చిన ప్రతి ఎరా బాగుంది బాగుంది అని డబ్బాలో పడిపోతుందని.

సాయికుమార్, మీరు నాకు బహుమానంగా ఇచ్చిన ఆ గాజుమూత పెట్టె ఇటు తే. ఇందులో ఒక్కొక్కరు ఒక్కో ఎర కట్టి పెట్టారట. నాగవ్వది ఏది? ఇదా? తెరువు. తెరువు నాయనా, నాకిచ్చిందే కదా, నా ఇష్టం. తీగ గీకితే రాలేదు, మంచిదే. ఈక పెట్టది, వేలికి తెలుస్తోంది, పొడుగు సరిపోయింది. ఇక కన్ను నాకు తెలియదు. నాగేందర్, నువ్ రా. నీ జేబుల గాలం దారం ఉంటదిగా, తియ్. నాగవ్వా, నువ్వు ముట్టకు, కూసో.

(నాగేందర్ దారం కొస తడిపి గాలం కన్నులోకి దూర్చారు)

ఏమైంది బిడ్డా? గట్టిగ చెప్పు, మైకులో చెప్పు.

"ఎక్కిందవ్వా."

మళ్లోసారి చెప్పు.

"సాఫ్‌గా ఎక్కింది."

(చప్పట్లు. రాధాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు)

దశరథం గారూ, మీ దండకు, శాలువాకు, ఇంతసేపు నా తిట్లు విన్న మీ అందరికీ ఎంతో కృతజ్ఞతలు. నాగవ్వా, బల్ల దగ్గర కుర్చీకి ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టుకో. పొద్దున వెలుతురు ఎడమ దిక్కు నుంచి వస్తది, గటు తిరిగి కూసో. బాగలేనిది ఎవరు కట్టినా పక్కకు పడెయ్, నువ్వు కట్టినా సరే. నాకిగ సెలవు.