మా పిల్లకి పల్టీ నేర్పింది నేనే

"ఇంకో టీ పెట్టు అమ్మాయ్, కాస్త అల్లం ఎక్కువెయ్. ఏంటి టైలరూ, అలా చూస్తావ్? ఎదురుగా ఆ రేకుల షెడ్డు ఉందే, జిమ్నాస్టిక్స్ నేర్పేది, అందులో ఇప్పుడు మా మనవరాలు దూలమెక్కి ఉంది. బెత్తెడు వెడల్పు, నా గుండెల దాకా ఎత్తు. దానిమీద పల్టీ కొట్టాలి, ఎవరూ చెయ్యి ఆనించకుండా. ఇవాళ కూడా భయమేస్తే ఇంక మానేస్తానని పొద్దున ఒకటే ఏడుపు, పిచ్చిది. మానేయడమా? నేర్పిందెవరనుకున్నావ్? నేను!"

"నువ్వు బస్సు డ్రైవరువి కదా బాబాయ్," అన్నాడు టైలరు.

"అయితే? ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సుని నిలబెట్టినవాడికి పిల్లని నిలబెట్టడం ఓ లెక్కా? విను. అది మహా జాగ్రత్త మనిషి. కుర్చీ ఊపి చూసుకుంటే గానీ కూర్చోదు. పాలు ఊదీ ఊదీ చల్లార్చుకుని, చల్లారిపోయాయని మళ్ళీ కాచమంటుంది. అలాంటిదాన్ని ఎలా దారికి తెచ్చానో తెలుసా? ఇంట్లో నేలమీద సుద్దముక్కతో గీత గీశాను. దానిమీద పల్టీ కొట్టమన్నాను. కొట్టింది."

"అది నిజమే, గీత నేనూ చూశాను," అంది టీకొట్టు ఆవిడ.

"చూశావుగా! గీత మీద కుదిరాక చెక్క వేశాను. చెక్క మీద కుదిరాక బల్ల. బల్ల మీద కుదిరాక మేడమీద పిట్టగోడ."

"పిట్టగోడా!"

"మూడంతస్తులు. కింద నేను దుప్పటి పట్టుకుని నిలబడ్డాను, ఒంటి చేత్తో. రెండో చేతిలో టీ గ్లాసు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిట్టగోడంటే దానికి విసుగొచ్చింది. బట్టలారేసే తీగెక్కింది, ఆరేసిన బట్టలు అలాగే ఉండగా! మీ పిన్ని చీర మీంచి నా చొక్కా మీదకి పల్టీ. ఒక్క క్లిప్పు ఊడితే ఒట్టు."

"తీగ తెగలేదూ?"

"ఎందుకు తెగదు, తెగింది. తెగాక కూడా పల్టీ పూర్తిచేసే దిగింది. పని సగంలో వదిలేసే అలవాటు మా వంశంలో లేదు. అక్కణ్ణించి కరెంటు తీగ. ఊరంతా కరెంటు ఆపించాను, ఆఫీసువాళ్ళు నా మాట కాదంటారా? తీగమీద కాకులు పక్కకి జరిగి దారిచ్చాయి. తీగ చివర ఫ్యాక్టరీ గొట్టం, గొట్టంలోంచి పొగ. పొగమీద కాలు పెట్టబోతూ ఆగింది. ఎంతైనా జాగ్రత్త మనిషి కదా, ముందు బొటనవేలితో నొక్కి చూసుకుంది. 'గట్టిగానే ఉంది తాతయ్యా' అంది. ఇంక చూస్కో, పొగమీద పల్టీలు, మబ్బుమీద పల్టీలు! విమానంలో జనం కిటికీల్లోంచి చప్పట్లు. కిందనుంచి నాదొకటే మాట, 'భయపడకు తల్లీ, తాతయ్య ఉన్నాడు!' ధైర్యమనేది పెద్దవాళ్ళ దగ్గరుంటేనే పిల్లలకొస్తుంది టైలరూ, రాసిపెట్టుకో."

"అంతా బాగానే ఉంది బాబాయ్," అంది టీకొట్టు ఆవిడ. "మరి లోపల పిల్ల దూలమెక్కి ఉంటే నువ్విక్కడేం చేస్తున్నావు?"

తాతయ్య షెడ్డు తలుపు వైపు ఓసారి చూశాడు. చల్లారిపోయిన టీని మళ్ళీ ఊదాడు.

"లోపల ఉక్కగా ఉందమ్మా," అన్నాడు.

అప్పుడే షెడ్డు తలుపు తెరుచుకుంది. పిల్ల గుమ్మంలో ఆగి, రోడ్డు అటూ ఇటూ చూసి, ఇంకోసారి చూసి, అప్పుడు పరుగెత్తింది. అరచేతులు పట్టు జారకుండా రాసుకున్న తెల్లటి పొడితో నిండి ఉన్నాయి.

"కొట్టేశాను తాతయ్యా! టీచర్ చెయ్యి తగల్లేదు! రెండోసారి నేనే అడిగి మరీ కొట్టాను!"

ఆయన సంతోషంతో కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అవగానే టైలరు వైపు తిరిగాడు.

"విన్నావా? నేనేం చెప్పాను? నువ్వే చెప్పమ్మా, నీకు ధైర్యం ఎవరిచ్చారో!"

పిల్ల కాస్త ఆలోచించింది.

"రేపు కూడా నిన్ను ఇక్కడే కూర్చోమంది టీచర్," అంది. "లోపలుంటే నేనెక్కకముందే 'అమ్మో పడతావ్, పడతావ్' అని అరుస్తావు కదా. నీ భయం పోయాక పిలుస్తానంది తాతయ్యా."