అరకప్పు చక్కెర

ఇంగ్లండులో బీరుకి పేరుపడ్డ బర్టన్ ఊళ్లో ఒకే గోడను పంచుకున్న రెండు ఇళ్లు. మార్చి నెల, గురువారం మధ్యాహ్నం. నోరీన్ వంటగదిలో నోరీన్, పక్కింటి ట్రెవర్.

"మూడు వారాల్లో నా చక్కెర డబ్బా రెండుసార్లు ఖాళీ అయింది నోరీన్. తింటున్నావా, గోడలకి పూస్తున్నావా?"

"బీరు సీసాలకి వేయాలన్నది నువ్వేగా ట్రెవర్. సీసాకి అర చెంచా అన్నావు."

"నలభై సీసాలకి అర చెంచా చొప్పున వేస్తే మొత్తం అరకప్పు. నువ్వు పట్టుకెళ్లిన దాంతో ఊరంతా బీరు పోయొచ్చు."

"కేకులు చేస్తున్నా."

"ఏ కేకులు? నాకొక్క ముక్క రాలేదే. పైగా నీకు చక్కెర గుర్తొచ్చేది రాత్రి పదింటికి."

"పొద్దున కూడా వస్తానుగా."

"పొద్దున ఉల్లిపాయకి వస్తావు. అది వేరే ఖాతా."

"టీ తాగుతావా?"

"బీరు రుచి చూద్దువు రమ్మని పిలిచి టీ అంటావేం?"

"బీరు పెరటి మెట్ల మీద చల్లారుతోంది. ఈలోగా టీ తాగు. ఉండు, పాలు—"

"నువ్వు కూర్చో. ఆ మోకాలితో లేవడం, కూర్చోడం. పాలు నేను తీస్తాలే."

"పై అరలో ఉంటాయి చూడు."

"ఈ ఫ్రిజ్‌లో పై అర ఎక్కడుంది, కింది అర ఎక్కడుంది. సంతలా ఉంది."

"దొరికాయా? ట్రెవర్?"

"ఆఁ."

"దొరికితే తలుపెయ్యి. చలంతా బయటికొస్తోంది."

"వేశాను. ఇదుగో నీ పాలు."

"నిన్న జిల్ నాకు ఫోన్ చేసింది."

"నా కూతురు నాకు చేయకుండా నీకెందుకు చేసింది?"

"ఆదివారం వస్తోందట."

"అది తెలుసు. మదరింగ్ సండే కదా, అమ్మల పండగ. వాళ్లమ్మ, మా బ్రెండా సమాధి మీద డాఫడిల్ పూలు పెట్టడానికి ఏటా వస్తుంది. నీకెందుకు చేసిందంటున్నా."

"‘మా నాన్న ఎలా ఉన్నాడు ఆంటీ, నిజం చెప్పు’ అంది."

"ఏం చెప్పావు?"

"బాగున్నాడని చెప్పా."

"ఇంకేం మరి."

"‘అక్టోబరులో గిన్నె మాడ్చినట్టు మళ్ళీ ఏమైనా చేశాడా’ అంది."

"ఒక్క గిన్నె. రెండు గుడ్లు. దానికి పెద్ద పంచాయితీ."

"ఆ పొగకి నా పడగ్గదిలో నేను దగ్గుతూ లేచాను. నువ్వేమో పొయ్యి పక్క గదిలోనే కూర్చుని రేడియో వింటున్నావు."

"చెవులు రేడియో మీదున్నాయి."

"మాడు వాసన చెవులకి తెలియదుగా."

"టీ బాగుంది. గట్టిగా పెట్టావు."

"జిల్ ఏమంటుందో తెలుసా?"

"తెలియకేం. ఇంకొక్కటి జరిగితే స్విండన్‌లో తన ఇంటికి తీసుకుపోతుంది. గ్యారేజీ మీద గది వేయించింది నోరీన్. మంచం, టీవీ, పట్టుకోడానికి కడ్డీలున్న బాత్‌రూము. కిటికీలోంచి చూస్తే సూపర్‌మార్కెట్ వాళ్ల కార్ల స్థలం. మంచి పిల్ల. నన్ను చెడిపోకుండా దాచుకోవాలని చూస్తోంది, డబ్బాలో బిస్కెట్లలాగా."

"అక్కడ నీకు ఎవరున్నారని?"

"అదే. ఇక్కడైతే నేను గోడ తడితే నువ్వు తిరిగి తడతావు. అక్కడ తడితే కారు అలారం మోగుతుంది. ఏంటి, ముఖం అలా పెట్టావు?"

"ఏం లేదు. బీరు తెస్తా."

"నే తెస్తా కూర్చో. క్లబ్బు లాటరీలో బీరు తయారీ కిట్టు గెలిచావు కదా, నీకు అదే చాలా శ్రమ. ఇంతకీ బర్టన్‌లో పుట్టి ప్లాస్టిక్ బకెట్లో బీరు కాయడమేంటి నోరీన్? మా నాన్న వింటే సమాధిలో అటు తిరిగి పడుకుంటాడు."

"మొదలుపెట్టినరోజు బకెట్ మోసింది నువ్వే."

"మోశాను. వెచ్చగా ఉంటుందని బాయిలర్ అల్మారాలో పెట్టాను. మూత మీద గొట్టం బుడగలు వేస్తుంటే ఇద్దరం కుర్చీలేసుకుని చూశాం. టీవీ కన్నా నయం. ఇదుగో సీసా. మెల్లగా తియ్యి."

"నువ్వే తియ్యి. నేను తీయను."

"ఎందుకూ? ఇదిగో... ఈ చప్పుడు విన్నావా, గ్యాసు బాగా పట్టింది."

"ఆ మాట అనకు."

"ఏ మాట?"

"ఏం లేదు. గ్లాసులో పొయ్."

"గ్లాసు వంచి పోయాలి, ఇలా. అబ్బో, రంగు చూడు. రాగి బిందెలా ఉంది. నురుగు కూడా నిలబడింది. కిట్టు బీరుకి ఇది ఎక్కువే."

"తాగకు. ముందు వాసన చూడు. ముక్కు ముందు, నోరు తర్వాత అని నువ్వే అంటావుగా."

"అంటాను."

"బీరు కంపెనీ హాప్ గోదాములో ముప్పై ఒక్కేళ్లు చేశావు."

"చేశాను. మూటలోంచి బీరుకి వాసనిచ్చే ఆ హాప్ పువ్వు పిడికెడు తీసి, అరచేతుల్లో నలిపి, వేడెక్కాక ఇలా దోసిట్లో ముక్కు పెట్టేవాణ్ణి. కెంట్ పువ్వా, వూస్టర్ పువ్వా, ఎన్నాళ్లు నిలవున్నదో చెప్పేవాణ్ణి. పైవాళ్లు కాగితాల మీద ఏం రాసుకొచ్చినా చివరికి నా ముక్కునే అడిగేవాళ్లు."

"నేనూ అదే అడుగుతున్నా. చూసి చెప్పు."

"బాగుంది."

"బాగుందంటే?"

"బ్రహ్మాండం. నారింజ తొక్క. దబ్బపండు. కాస్త మామిడి. ఆఖర్న దేవదారు జిగురు."

"మామిడి కూడా వస్తోందా?"

"ఎందుకు రాదు?"

"ఇంకోసారి చూడు ట్రెవర్. నిదానంగా. తొందరేం లేదు."

"చూశాను. మామిడే. బాగా మగ్గింది."

"ఖాయంగా?"

"ఎన్నిసార్లు అడుగుతావు? కోర్టులో ఉన్నామా?"

"కిట్టు అట్టపెట్టె మీద అదే రాసుంది. నారింజ, దబ్బ, మామిడి, దేవదారు. అదే వరసలో."

"అయితే పెట్టె అబద్ధం చెప్పలేదన్నమాట. ఇప్పుడు తాగనిస్తావా? ఊఁ... చేదు బాగా దిగింది. నాలుక వెనక పట్టుకుని వదలడం లేదు. ఇది నిజం బీరే."

"చేదు గురించి చెప్తే నమ్ముతా. నాలుక బాగానే పనిచేస్తోంది నీకు."

"అంటే ఏంటి నోరీన్?"

"ఫిబ్రవరిలో ఆ బుధవారం నీ పార్సిల్ ఇవ్వడానికి వచ్చాను గుర్తుందా? పోస్టువాడు నాకిచ్చి పోయింది."

"గుర్తుంది. వచ్చీ రాగానే కిటికీలు బార్లా తెరిచావు. ఉక్కగా ఉందన్నావు. బయట మంచు కురుస్తుంటే ఉక్కేంటని నవ్వాను కూడా."

"నాకు టీ పెడతానని అగ్గిపెట్టె తీశావు."

"నువ్వు లాక్కున్నావు. అప్పివ్వమన్నావు. ఇంతవరకు తిరిగివ్వలేదు."

"పొయ్యి మీట అప్పటికే తిప్పి ఉంది ట్రెవర్. మంట లేదు. నాకు గుమ్మంలోనే గ్యాసు గుప్పుమంది. నువ్వు పొయ్యికి మూడడుగుల దూరంలో కూర్చుని పేపర్లో పదకేళి నింపుతున్నావు."

"నేను వెలిగించాననే అనుకున్నా."

"తెలుసు."

"గాలికి ఆరిపోయి ఉంటుంది."

"అదీ తెలుసు. ఆరితే ఆరింది. నీకు తెలియలేదు."

"ఆ రోజు జలుబు చేసింది నాకు."

"ట్రెవర్. ఆ మర్నాడే నా బకెట్‌కి ఏడో రోజు. హాప్ ప్యాకెట్ చింపి పైన చల్లు, కలపకు, మూత పెట్టు అని నువ్వు చెప్పిన రోజు. ప్యాకెట్ చేత్తో పట్టుకుని ఆ అల్మారా ముందు చాలాసేపు నుంచున్నా. వేయలేదు."

"వేయలేదా?"

"చిటికెడు కూడా. ఈ సీసాలో ఉన్నది మాల్టు, ఈస్టు, నీ చక్కెర. వాసనంటూ ఉంటే తడిసిన రొట్టె వాసన. మామిడి లేదు. ఏమీ లేదు."

"చేదెక్కడిది మరి?"

"కిట్టు మాల్టులోనే కలిపి ఇస్తారని నువ్వే చెప్పావు. వాసనకి మాత్రం ఆ ప్యాకెట్టే దిక్కని కూడా చెప్పావు."

"నేర్పినవాడికే ఎసరు పెట్టావు."

"నీకు వాసన తెలియక ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు. ఆ పెద్ద జ్వరం తర్వాత. తిరిగొస్తుందిలే అనుకున్నా. బ్రెండా కోటు బీరువాలో ఉంచాను కదా. అప్పుడప్పుడు తలుపు తీసి ముఖం పెట్టేవాణ్ణి. ఒకరోజు పెడితే ఉత్త ఉన్ని."

"డాక్టరుకి చెప్పలేదా?"

"చెప్తే రాసుకుంటాడు. రాస్తే జిల్ చదువుతుంది. అయినా బర్టన్‌లో ట్రెవర్ ముక్కు పోయిందంటే... క్లబ్బులో ఇంకా నా ముందు గ్లాసు పెట్టి ‘చెప్పవయ్యా’ అంటారు నోరీన్. ఏదో ఒకటి చెప్తా. తలలూపుతారు."

"ఇల్లంతా ఘాటుగా వాసనేసే ఆ నీలం హయసింత్ పూలకుండీ తెచ్చి నీ బల్ల మీద పెట్టానే, అదీ అందుకే. ‘ఎంత కమ్మగా ఉంది’ అన్నావు. పువ్వును చూసి ఎవరైనా అదే అంటారు. హాప్ దగ్గర మాత్రం నువ్వు అబద్ధం ఆడవనుకున్నా."

"ఆడాను."

"నాకు మూడు వారాలుగా నిద్ర లేదు. నువ్వు పడుకునే ముందు ఆ పొయ్యి మీటలు నా కళ్లతో చూసుకుంటే గాని—"

"అది నాకు రెండో రోజే తెలిసింది. చక్కెర డబ్బా కిటికీ దగ్గర ఉంటే నువ్వు చూసేది పొయ్యి వైపు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఏమనను? ‘చూశావుగా, ఇక వెళ్లు’ అననా? అడిగినంత చక్కెర పోశాను."

"ఆదివారం జిల్‌కి చెప్పాలి నేను."

"చెప్పు."

"చెప్తే నిన్ను తీసుకుపోతుంది. చెప్పకపోతే మనిద్దరిదీ ఒకే గోడ. అటు కదల్లేను, ఇటు కదల్లేను."

"అందుకేనా నిన్న చర్చికి పోయి ఎక్కువసేపు కూర్చున్నావు?"

"నిన్నెవరు చూడమన్నారు? విను. నీ పొయ్యి తీయించేద్దాం. కరెంటుది పెట్టిద్దాం. రాత్రి భోజనం ఇక్కడ. పొగకి అరిచే గంట ఒకటి, గ్యాసుకి అరిచే గంట ఒకటి. ఆదివారం ఇద్దరం ఒక పక్కన కూర్చుని జిల్‌కి చెబుదాం."

"ఒప్పుకోకపోతే నోరీన్?"

"తెలీదు ట్రెవర్. అబద్ధం చెప్పలేను. తెలీదు."

"సరే."

"నా మీద కోపం లేదా? కబురు పెట్టి పిలిచి ఎలకని పట్టినట్టు బోనులో పట్టాను నిన్ను."

"ఇందాక పాలు తీసింది ఎవరు?"

"పాలా? నువ్వే. ఎందుకు?"

"వెన్న వెనకాల, పాలకి ఆనుకునే ఉంది ఆ ఆకుపచ్చ హాప్ ప్యాకెట్. చింపకుండా. గ్లాసు ముట్టుకోకముందే చూశాను."

"చూశావా? మరి... ‘ఇందులో హాప్ ఎక్కడుంది నోరీన్’ అని ఉంటే సరిపోయేది కదా. నీ ముక్కుకి ఢోకా లేదని నమ్మేసేదాన్ని. జిల్‌కీ అదే చెప్పేదాన్ని. గెలిచేవాడివి."

"గెలిచేవాణ్ణే. ఈ రాత్రి నుంచి నువ్వు చక్కెరకి వచ్చేదానివి కాదు."