పన్నెండిళ్లు తెచ్చిన టేపు

"ఎదురుగా ఆ పసుపుపచ్చ గోడల పన్నెండిళ్లు కనిపిస్తున్నాయే, అవి ఎవరి చలవ అనుకుంటున్నారు? అడగండి, చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. లిస్టు అంటించేదాకా మనకిక్కడ వేరే పనేముంది కనక!"

టేపు బాబాయ్ గ్లాసు కింద పెట్టి కండువా సర్దుకున్నాడు. మునిసిపల్ ఆఫీసు ప్లానింగ్ సెక్షన్లో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు మోసి, జిరాక్సులు తీసి, స్థలాలు కొలిచేటప్పుడు టేపు పట్టుకుని, పోయిన నెలే రిటైరయ్యాడు. రిటైరయ్యాడన్న మాటేగానీ పొద్దున్నే తయారై ఆఫీసు గేటుకెదురుగా ఉన్న టీకొట్టుకి డ్యూటీకొచ్చినట్టే వస్తాడు.

ఆ పన్నెండిళ్లూ ఎవరెవరికి వచ్చాయో నాలుగింటికి నోటీసు బోర్డు మీద పెడతామన్నారు. దరఖాస్తులు రెండొందల పైచిలుకు. బెంచీ చివర కూర్చున్న కుట్టుపని అమ్మాయిదీ అందులో ఒకటి. ఒక్క గదిలో మిషను, అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. ఆరేళ్లలో ఐదిళ్లు మారింది. ఇప్పుడున్న గది కూడా నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. చేతిలో ఎవరిదో లంగా అంచు కుడుతోందిగానీ, నాలుగు కుట్లకోసారి చూపు గేటు వైపే పోతోంది.

"సరే చెప్పు తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే నా పాలు విరిగిపోతాయి" అంది టీకొట్టు అక్కయ్య.

"అలా అడుగు! మీకు రూలు తెలుసుగా? స్థలం ఎకరం దాటిందంటే, బిల్డరు కట్టే ప్రతి ఐదిళ్లలో ఒకటి ఆఫీసుకి ఇచ్చెయ్యాలి, తక్కువ అద్దెకి మనబోటి వాళ్లకివ్వడానికి. ఎకరం లోపయితే ఒక్కటీ ఇవ్వక్కర్లేదు. ఈ బిల్డరు అరవై ఇళ్లకి ప్లాను పెట్టాడు. రూలు ప్రకారం ప్లానుని ముప్ఫై రోజులు గోడకి అంటించారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోమని. ఆఫీసరుగారు స్కేలు పెట్టి కొలిచి, 'ఎకరానికి కాస్త తక్కువ, ఇళ్లు ఇవ్వక్కర్లేదు' అని రాసిపారేశాడు. బిల్డరు కిక్కురుమనలేదు. అప్పుడు నేను అటుగా వెళ్తూ ఊరికే ఇలా ఓ చూపు చూశాను. చూడగానే అర్థమైపోయింది, ఇది ఎకరం కాదు, దగ్గర దగ్గర రెండెకరాలని!"

"ఉత్త చూపుతోనే?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న వ్యాను డ్రైవరు.

"ముప్ఫై ఏళ్ల చూపురా అది! నువ్వు రోడ్డు మీద గుంట చూసి ఎంత లోతో చెప్పవూ? అలాగే. సరే, చూశాను, ఊరుకోవచ్చుగా? నా రక్తం ఊరుకోనిస్తేగా! టేపు తీసుకుని స్థలం మీదికి పోయాను. ఒక్కణ్ణే. టేపు యాభై మీటర్లది. స్థలం చూస్తే దానికి రెట్టింపు. ఏం చెయ్యాలి? టేపు ఈ చివర కాలి కింద తొక్కిపెట్టి, ఆ చివర పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టేపు సాగింది!"

"టేపు సాగడమేంటి బాబాయ్!"

"నా చేతిలో పడితే సాగక చస్తుందా! యాభై మీటర్ల టేపు వంద మీటర్లయి కూచుంది. అంకెలు కూడా వాటంతటవే జరిగి సర్దుకున్నాయి. ఈలోగా బిల్డరు కారు వచ్చి ఆగింది. ఒకటి కాదు, ఏడు కార్లు. దిగాడు, నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. 'అయ్యా, మీరు కొలవకండి, మీరు కొలిస్తే భూమి పెరుగుతోంది' అన్నాడు. 'పెరగడం కాదు నాయనా, నువ్వు దాచింది బయటికొస్తోంది' అన్నాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు."

కుట్టుపని అమ్మాయి పళ్లతో దారం కొరికి, పెదవి బిగించి నవ్వాపుకుంది.

"నవ్వకమ్మాయ్, అభ్యంతరాల మీద పెట్టిన మీటింగులో నువ్వూ ఉన్నావుగా, చెప్పు వీళ్లకి! చైర్మన్‌గారు పైన, ఆఫీసర్లు పక్కన, బిల్డరు, వాడి లాయర్లు పదిమంది. వాళ్లది ఒకటే పాట: 'గిట్టదండీ, పన్నెండిళ్లు ఇచ్చేస్తే మేం మునిగిపోతాం.' నేను లేచాను. మాట్లాడటం మొదలుపెట్టాను. గంటయింది, రెండు గంటలయింది. రాసుకునేవాడి పెన్నులో సిరా అయిపోయింది, ఇంకోటిచ్చారు, అదీ అయిపోయింది. మూడో గంటకి బిల్డరు తరఫు లాయరే లేచి, 'అయ్యా, నేను ఆయన వైపు వాదించుకోవచ్చా?' అని చైర్మన్‌గారి దగ్గర పర్మిషన్ అడిగాడు!"

"ఓరి నాయనో!" అంది అక్కయ్య, పాలగిన్నె దించడం మర్చిపోయి.

"పాలు చూస్కో అక్కయ్యా. అప్పుడు బిల్డరు, 'సరే, పన్నెండిస్తాను' అన్నాడు. నేనొప్పుకుంటానా? 'ముప్ఫై' అన్నాను. ఇచ్చాడు. 'అరవై' అన్నాను. ఇచ్చాడు. 'మూడొందలు' అన్నాను."

"కట్టేదే అరవై కదా బాబాయ్!"

"అదే వాడూ అన్నాడు. 'పైకి కట్టు, నేనున్నాను' అన్నాను. అంతస్తు మీద అంతస్తు, అంతస్తు మీద అంతస్తు. పందొమ్మిదో అంతస్తు దగ్గర మబ్బులు అడ్డమొచ్చాయి. మబ్బుల్లో కట్టాలంటే వాటి దగ్గర అభ్యంతరం లేదని కాగితం కావాలా వద్దా? పైకెక్కి ఆ కాగితం మీద సంతకం పెట్టించుకొచ్చింది ఎవరు? నేను! కాగితం కాస్త తడిసిందనుకో, అయినా చెల్లింది."

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వుతూ అడిగాడు. "మరి ఎదురుగా ఉన్నవి పన్నెండేగా బాబాయ్? మిగతావేవీ?"

"మబ్బుల వెనకున్నాయి. ఆకాశం తేటపడ్డాక చూడు. ఇంకా అయిపోలేదు, అసలు సంగతి విను. ఇళ్లయితే కట్టారుగానీ, బిల్డరు పెద్ద బిల్డింగు నీడ తీసుకొచ్చి సరిగ్గా ఈ పన్నెండిళ్ల కిటికీల మీద పడేశాడు. బట్టలారవు, పిల్లలకి వెలుతురుండదు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆ బిల్డింగుకి భుజమానించి ఒక్క తోపు తోశాను. మూడడుగులు జరిగింది! లోపల నాలుగో అంతస్తులో ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడట, గీత కూడా పడలేదు. అంత నెమ్మదిగా తోశాను. చైర్మన్‌గారు పరిగెత్తుకొచ్చి, 'ఇక ఆఫీసు మీరే నడపండి, నా కుర్చీ తీసుకోండి' అన్నారు. 'కుర్చీ వద్దు సార్, నాకు నా టేపు చాలు' అన్నాను."

అంతలో గేటు తెరుచుకుంది. క్లర్కు ఒకామె జిగురు డబ్బా, కాగితాలూ పట్టుకుని బోర్డు దగ్గరికి నడిచింది. కుట్టుపని అమ్మాయి లేచింది, లంగా జారి కింద పడింది, చూసుకోలేదు. అప్పటికే జనం మూగేశారు. డ్రైవరు రెండు చేతులతో దారి చేస్తూ, "జరగండమ్మా, జరగండి" అని ముందుకి తోసుకెళ్లాడు.

బాబాయ్ మాత్రం కదల్లేదు. ఖాళీ గ్లాసు రెండుసార్లు నోటిదాకా తీసుకెళ్లి దించాడు. "ఆ పిల్ల పేరుంటుందా అక్కయ్యా?" అని మెల్లిగా అడిగాడు. ఆ అడగడంలో కోతలేం లేవు.

కుట్టుపని అమ్మాయి తిరిగొచ్చింది. కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు.

"తొమ్మిదో నంబరు" అంది. "రెండు గదులూ వంటిల్లూ. మిషనుకి వేరే గది అక్కయ్యా! ఇంక మారక్కర్లేదు, ఎక్కడికీ మారక్కర్లేదు!"

అక్కయ్య పొయ్యి వదిలేసి వచ్చి వాటేసుకుంది. డ్రైవరు వ్యాను హారను ఆపకుండా కొట్టాడు. బోర్డు దగ్గర ఇంకెవరో కేకవేశారు, ముసలాయన ఒకాయన ఎవరూ అడక్కుండానే, "మూడో నంబరు నాదే, మూడో నంబరు నాదే" అంటూ రోడ్డంతా తిరిగాడు.

బాబాయ్ ఛాతీ మళ్లీ పొంగింది. "చూశారా! నేనారోజు ఆ ప్లాను వంక చూడకపోయుంటే..."

"బాబాయ్" అంది అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ. "ఆ ప్లాను నా దగ్గరే ఉంది."

సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద పరిచింది. ఏడాదిన్నర కిందట గోడకున్న కాగితమే, మూలల్లో జిగురు మరకలతో సహా. గడువయ్యాక పీకి పారేస్తుంటే అడిగి తెచ్చుకుందట.

"అక్కయ్యా, ఇదిగో చూడు. ఇక్కడ 'ఒక సెంటీమీటరుకి ఐదు మీటర్లు' అని రాశారు. అంటే కిందున్న ఈ పది మీటర్ల గీత రెండు సెంటీమీటర్లుండాలి. నా టేపు పెట్టి చూస్తే ఒకటిన్నర కూడా లేదు. జాకెట్టు కొలత కాగితాన్ని చిన్నదిగా జిరాక్స్ తీసి దాని మీదే గుడ్డ కోస్తే చెయ్యి దూరుతుందా? నాకోసారి అలాగే అయింది, గుడ్డకి గుడ్డ కొనిచ్చుకున్నాను. అందుకే చూడగానే పట్టేశాను. పెద్ద ప్లానుని చిన్న కాగితం మీదికి దించారు. ఆఫీసరుగారు చూసుకోకుండా దాన్నే కొలిచారు, సగం భూమి మాయమైపోయింది. బిల్డరుకి తెలుసు, నోరెత్తలేదు. నేను అభ్యంతరం రాసిచ్చాను, మళ్లీ కొలిచారు. మీటింగులో లేచి నాలుగు ముక్కలు చెప్పిందీ నేనే."

"మరి బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"కొలిచేటప్పుడు టేపు చివర పట్టుకున్నాడు, సున్నా ఉన్న వైపు. మీటింగులో వెనక వరసలో నిద్రపోయాడు."

బెంచీ బెంచీ అంతా నవ్వింది. బాబాయ్ కూడా నవ్వబోయాడు. ఆమె కాగితం తిరగేసింది.

"మీ ఆఫీసులో ఓ పద్ధతుందిగా బాబాయ్, జిరాక్స్ తీసినవాళ్లు వెనక సంతకం పెట్టాలని. ఈ సంతకం ఎవరిది?"

బాబాయ్ వంగి చూశాడు. తలకట్టు నుంచి తోక దాకా వంకీలు తిరిగిన సంతకం, ఆ వీధిలో దాన్ని గుర్తుపట్టనివాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లలో అక్కయ్య ఆ నోరు మూతపడగా చూడటం అదే మొదలు.

"ఆ వేళ పెద్ద కాగితం అయిపోయింది" అన్నాడు చివరికి. "ఏమవుతుందిలే అనుకున్నాను... మీటింగులో చైర్మన్‌గారు అడిగారటగా, ఈ కాపీ తీసిందెవరని? నువ్వేం చెప్పావమ్మా?"

"తెలీదన్నాను. నీకింకా ఏడాది సర్వీసుంది కదా."

బాబాయ్ కండువాతో మొహమంతా తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. తర్వాత జేబులోంచి తన చిన్న టేపు తీసి, "పద తల్లీ, కొత్తింట్లో కిటికీలకి పరదాలు కావాలిగా. కొలిచిపెడతాను" అన్నాడు.

"రా బాబాయ్, నువ్వు రాకపోతే ఎలా? కానీ సున్నా వైపే పట్టుకో. అంకెలు నేను చదువుకుంటాను" అంది ఆ అమ్మాయి.