అక్క శాలువాకు ఏ హుక్కు?

సభాధ్యక్షత వహిస్తున్న మా శిక్షణ కేంద్రం అధ్యక్షులవారికి, ఎండనబడి వచ్చిన పెద్దలకు, పక్క గదిలో మిషన్లు ఆపి మరీ వచ్చిన కుట్టు విభాగం మిత్రులకు, నా దగ్గర క్రోషే అల్లిక నేర్చుకున్న పిల్లలకు, నేర్చుకుంటామని చేరి కబుర్లతో సరిపెట్టిన పిల్లలకు కూడా (నవ్వులు), రెండో వరసలో కూర్చుని "తొందరగా కానివ్వవే" అని కళ్లతోనే చెబుతున్న మా అక్కకూ నమస్కారం.

అధ్యక్షులవారు ఇందాక నన్ను బంగారు చేతుల మనిషి అన్నారు. ఆ మాట వింటూ నా కుడి బొటనవేలి వంక చూసుకున్నాను. అది వంగడం మానేసింది. "అమ్మా, సన్న పనులు ఇక కట్టిపెట్టండి" అని డాక్టరుగారు చెప్పబట్టి, ఇంకా కొన్నేళ్లు ఉండవలసినదాన్ని ముందే వెళ్లిపోతున్నాను. హాయిగా విశ్రాంతి తీసుకోండి అని పొద్దుటి నుంచి అందరూ దీవిస్తున్నారు. విశ్రాంతి ఎవరిక్కావాలండీ? నాకు వెళ్లాలని లేదు. మర్యాద కోసం ఈ మాట మింగేస్తే ఇంటికెళ్లాక గొంతుకు అడ్డం పడుతుంది, అందుకని ఇక్కడే చెప్పేస్తున్నాను.

మొదటిరోజు ప్రతి పిల్లా అడిగే ప్రశ్న ఒకటే: "టీచర్, ఏ హుక్కు కొనుక్కోవాలి?" సన్న దారానికి సన్న హుక్కు, లావు ఊలుకు లావు హుక్కు, ఇంతవరకు దుకాణంవాడూ చెబుతాడు. తరవాత అల్లబోయేదేమిటో చూసుకోవాలి. సంచీ అయితే చిల్లర జారిపోకుండా బిగువుగా రావాలి గనుక కాస్త చిన్న హుక్కు, శాలువా అయితే ఒంటిమీద వాలాలి గనుక కాస్త పెద్దది. ఆ తరవాత, అన్నిటికన్నా ముఖ్యం, ఎవరి చెయ్యి వారు చూసుకోవాలి. ఒకే హుక్కు, ఒకే దారం ఇద్దరికిస్తే రెండు కొలతలొస్తాయి. అందుకే ముందు అరచేతంత నమూనా ముక్క అల్లి కొలుచుకోండర్రా అని నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని. "ఆ ముక్కకు పట్టే టైములో సగం టోపీ అయిపోతుంది కదా టీచర్!" అనేవారు. అయ్యేది. పసిపాపకని మొదలుపెట్టిన ఆ టోపీ ఆఖరికి వాళ్ల తాతగారికి సరిపోయేది. (నవ్వులు)

ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, మా పనిలో మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. అదిగో, మూడో వరసలో తల దించుకుని కూర్చుంది, ఆ అమ్మాయికి నేను పెట్టిన పేరు బిగుతమ్మ. దారం పట్టుకుందంటే దొంగను పట్టుకున్నట్టే. మొదట్లో ఆమె అల్లిన రుమాలు బల్లమీద నిలబెడితే నిలబడింది! తల ఎత్తవే తల్లీ, తిట్టడానికి కాదు నీ ఊసెత్తింది.

ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ హుక్కు నాకు మా అక్క ఇచ్చింది. అల్లిక నేర్పిందీ తనే. ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకూ అల్లిపెట్టింది గానీ తనకంటూ ఒక్క నూలుపోగు అల్లుకోలేదు. కళ్లు మసకబారాక మాత్రం, "నాకొక శాలువా అల్లిపెట్టవే, భుజాలమీద ఉన్నట్టే తెలియకూడదు" అంది. జన్మలో అక్క నన్ను అడిగింది అదొక్కటే. తెల్లటి సన్న దారంతో మొదలుపెట్టాను. సగం దాటాక బొటనవేలు మొరాయించింది.

నేను చికిత్సకని సెలవులో ఉండగా మా పిల్లలు ఏం చేశారో తెలుసా అధ్యక్షులవారూ? నాకు చెప్పకుండా పూర్తిచేసి పెడదామని ఇక్కడి నా బీరువాలోంచి ఆ శాలువా తీశారు. టీచరు హుక్కుతో అల్లితే టీచరు చెయ్యి వచ్చేస్తుందనుకున్నారు. నా హుక్కు తీసుకెళ్లి బిగుతమ్మ చేతిలో పెట్టారు! తిరిగొచ్చేసరికి శాలువా, వాళ్లు అల్లిన చోట ఇరుకై, నడుం కట్టుకుని నిలబడి ఉంది. వాళ్ల ముందరే, దారం చివర పట్టుకుని వాళ్లు అల్లినంతవరకూ లాగేశాను. విప్పడానికి బొటనవేలితో పనేముంది? బిగుతమ్మ ఉండను చుడుతూ ఏడ్చింది.

ఇంటికెళ్లి చెబితే అక్క, "పిల్లలు ముచ్చటపడి అల్లింది విప్పేశావా? సన్నబడితే సన్నబడనీ, కప్పుకునేదాన్ని కదే!" అంది. అల్లిక ప్రకారం విప్పడమే సరైనది, రేపైనా అదే చెబుతాను. అయినా ఆ మాట నన్ను వదలలేదు.

మర్నాడు బిగుతమ్మను కూర్చోబెట్టి నమూనాలు అల్లించాను. నా సైజు హుక్కుతో ఇరుకు. ఒక సైజు పెద్దదానితోనూ ఇరుకే. ఇంకో సైజు పెద్దది ఇచ్చి, ఆ ముక్కను నా సగంమీద పరిచి చూస్తే అల్లికలో కన్నుకు కన్ను కలిసింది. సంతోషించాలి కదా? సంతోషించాను. దాంతోపాటే ఇంకోటీ తెలిసింది. ఇక నేను లేకుండానే ఆ శాలువా పూర్తవుతుంది. అక్క అడిగిన ఒక్కటీ నా చేత్తో పూర్తికాదు. ఈ బాధకు మీరు కప్పిన ఈ పట్టు శాలువా కూడా చాలదు, క్షమించండి.

నా హుక్కును అద్దాల బీరువాలో పెడతామని అధ్యక్షులవారు ప్రకటించారు. వద్దండీ. మళ్లీ ఏ పిల్లో ప్రేమకొద్దీ బయటికి తీస్తుంది. (నవ్వులు) అది నాతో వస్తుంది. బిగుతమ్మా, ఇలా రా. సగం శాలువా ఇదిగో, దారం ఇదిగో. హుక్కు మాత్రం నీదే వాడు. నా పని ఎక్కడ ఆగిందో, నీది ఎక్కడ మొదలైందో మా అక్కకు తెలియకూడదు.

ఏమిటక్కా? గట్టిగా అను, వెనకవాళ్లకూ వినిపించాలి. "నాకు కళ్లు కనపడకపోతేనేం, వేళ్లతో తడిమి కనిపెట్టేస్తా"నంటోంది. (నవ్వులు, చప్పట్లు) కనిపెట్టు. నా సగం ఎక్కడ అయిపోయిందో నీకు తెలిస్తే నాకూ బాగానే ఉంటుంది.

ఇంకొక్క మాట. సన్నవి పట్టుకోలేనని మీరంతా కలిసి లావు పిడి హుక్కులూ, లావు ఊలూ కొనిపెట్టారు. అధ్యక్షులవారు నా గురించి మాట్లాడుతున్నంతసేపూ బల్లకింద ఆ పెట్టె విప్పి, నాలుగు గొలుసు కుట్లు వేసి చూశాను. అపార్థం చేసుకోకండి, వింటూనే వేశాను. ఇదిగో చూడండి, పేనిన తాడులా ఉంది! వేలు వంగకపోతే చెయ్యంతా బిగుసుకుపోతుందని నాకిన్నాళ్లూ తెలియలేదు.

కాబట్టి తల్లీ, ఆ పేరు ఇటిచ్చెయ్యి. ఇవాళ్టి నుంచి బిగుతమ్మను నేను. కిందికి దిగాక, ఆ పెట్టెలోంచి నాకు ఒక సైజు పెద్ద హుక్కు నువ్వే ఏరిపెట్టు.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. వెళ్లలేక వెళుతున్నాను. సెలవు.