పేరు పెట్టి పిలిచిన గొంతు

అమ్మలారా, అయ్యలారా,

ఈ రోజుల్లో నలుగురు ఒకచోట చేరడానికే గుండె కావాలి. అయినా మన కిష్టవ్వ పోయిందని తెలిసి, గన్‌ఫౌండ్రీలోని ఈ చిన్న గదికి ఇంతమంది వచ్చారు. తలుపు దగ్గర మఫ్టీలో ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లెవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు భయంగా ఉంది. దాచను. ఆబిడ్స్ బడిలో పిల్లలకు సంగీతం చెప్పుకునేదాన్ని, సభల్లో మాట్లాడి ఎరుగను. కానీ మా ఇంటి గోడ పక్కన బతికిన మనిషి పోయింది. మాట్లాడకుండా ఎలా ఉండను?

కిష్టవ్వ నాంపల్లి స్టేషన్ బయట పూలమ్మేది. భర్త బిచ్చయ్య రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. డెబ్బై నాలుగు రైల్వే సమ్మెలో అతన్ని పట్టుకుపోయారు. ఠాణాకు వెళ్లి అడిగితే, "గట్లాంటోడు గీడ లేడు, పో" అన్నారు. ఆమె పోలేదు. ఎదుటి ఫుట్‌పాత్ మీద కూర్చుని పాట ఎత్తుకుంది. నాట్లప్పుడు పాడుకునే వరస, మాటలు మాత్రం ఆమెవే. "బిచ్చయ్యా, ఏడున్నవ్? ఇంట్ల బువ్వ సల్లారుతున్నది." పాడింది. మళ్లీ పాడింది. దారిన పోయేవాళ్లు ఆగారు. రిక్షాలు ఆగాయి. అప్పుడు, అమ్మలారా, లోపలి నుంచి అదే వరసలో ఒక గొంతు బదులు పలికింది. "గీడనే ఉన్న కిష్టవ్వా, పానంతోనే ఉన్న!"

ఇక లేడని ఎవరనగలరు? వీధంతా విన్నది. వకీలు వామన్‌రావు గారు విన్నారు. మర్నాడు బిచ్చయ్యను కోర్టులో నిలబెట్టక తప్పలేదు.

ఆ తర్వాత ఎవరి మనిషి కనబడకపోయినా కిష్టవ్వ దగ్గరికే వచ్చేవారు. పేరు మార్చి అదే పాట పాడేది. ఒకనాడు ఠాణాకు బయల్దేరుతుంటే ఆమెను ఆపాను. నీకు భయముండదా అన్నాను. "ఎందుకుండదక్కా? పానం గడగడలాడ్తది. గానీ, లోపలున్నోనికి నాకంటె ఎక్కువ భయముంటది గదా. బయట మనోళ్లున్నరని వానికి జర తెలవాలె" అంది.

ఎమర్జెన్సీ వచ్చింది. మొన్న వానాకాలంలో, ప్రెస్సులో అక్షరాలు కూర్చే బాలమల్లును పట్టుకుపోయారు. తల్లి శంకరమ్మ ఏడుస్తూ వచ్చింది. ఇప్పుడొద్దని బిచ్చయ్య బతిమాలాడు. కిష్టవ్వ వెళ్లింది. ఈసారి పాట సాగనివ్వలేదు. ఆమెనే లోపలికి లాక్కెళ్లారు. తిరిగొచ్చేసరికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, గొంతు పోయింది. ఏం చేశారని అడిగితే, శంకరమ్మను పిలవమని సైగ చేసింది. దవాఖాన మంచం మీద, వినీ వినబడని గుసగుసతో శంకరమ్మకు ఆ వరస నేర్పింది. ఆదివారం నాడు మనల్ని విడిచిపోయింది.

ఇన్నేళ్లుగా పిల్లలకు శ్రుతి చెప్పాను, తాళం చెప్పాను. ఒక మనిషిని మాయం చేయబోతే పాట అడ్డుపడగలదని ఏనాడైనా చెప్పానా? నాకే తెలియదు. కిష్టవ్వ చూపించింది.

బాలమల్లు జాడ ఇంకా లేదు. రేపు పొద్దున ఠాణా ముందు కూర్చుంటానని శంకరమ్మ అంటోంది. ఆమె పక్కన నేను కూర్చుంటాను. ఒక్క గొంతును లాక్కెళ్లగలిగారు. ఇంతమందిమి పాడితే? ఏమో, అప్పుడూ లాక్కెళ్తారేమో. మీకు ధైర్యం చెప్పేంతటిదాన్ని కాను. రమ్మని మాత్రం అడుగుతున్నాను.

ఇప్పుడు కిష్టవ్వ కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. భయమున్నా సరే, లేవండి.