పేరు గడి ఖాళీగా ఉంటే

ఆ ఉలి కాస్త పక్కన పెట్టండి మేస్త్రీ. చివరి వాక్యం చెక్కకండి. "అతని త్యాగానికి కృతజ్ఞతగా ఊరివాళ్ళు తమ కొడుకులకు అతని పేరే పెట్టుకున్నారు" అట! ఎవరు రాశారండీ ఇది? ఫలకం కమిటీ వాళ్ళా? వాళ్ళకెవరు చెప్పారు? ఊరంతా అనుకుంటోందా! ఊరు అనుకోవడమే సాక్ష్యమైతే ఇక రిజిస్టర్లెందుకు?

అవును, నేను వాడి సొంత అన్ననే. అన్ననే కాబట్టి వద్దంటున్నాను.

ఫరవాలేదు, ఇక్కడే కూర్చుంటాను. రాతిపొడికి నేనేం అరిగిపోను.

పై వాక్యం ఎలాగూ చెక్కేశారు. "మిల్లులో బాయిలర్ పేలిన పూట పదకొండు మందిని కాపాడాడు." ఆ షిఫ్టు హాజరు పట్టీ నేను చూశాను. మావాడితో కలిపి మొత్తం ఏడుగురు. ఏడుగురిలోంచి పదకొండు మందిని ఎలా లాగుతారండీ? ఇద్దర్ని లాగాడు. మూడోవాడి కోసం లోపలికి వెళ్ళి, ఇక రాలేదు. ఇద్దరంటే రాయి చిన్నబోతుందా?

సరే, పేరు సంగతికి వస్తాను. అది మా నాన్న ఏదో పాత పుస్తకంలోంచి ఏరి పెట్టిన పేరు. పలకాలంటే నోరు తిరగదు. జనన నమోదు గుమాస్తాగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను కదా, 1921 నుంచి ఉన్న రిజిస్టర్లన్నీ తిరగేశాను. ప్రమాదం జరిగిన 1988 దాకా ఆ పేరు ఇద్దరంటే ఇద్దరికి. 89లో నలుగురికి. 90లో తొమ్మిది మందికి. 93కి ఇరవై మూడు! బళ్ళో హాజరు పిలిస్తే సగం వరస లేచి నిలబడుతోందని టీచరమ్మ తల పట్టుకునేది.

కృతజ్ఞత కాక మరేమిటంటారా? వినండి. మిల్లులో వాడి పేరు ఎవరికి తెలుసు? అందరికీ వాడు ఈలగాడు. పొద్దస్తమానం ఈల వేసేవాడు. కృతజ్ఞతే అయితే ఊళ్ళో ఇంటికో ఈలగాడు ఉండాలి కదండీ!

ఇంకొకటి. 94, 95లో నన్ను నీటి పన్ను విభాగానికి మార్చారు. ఆ రెండేళ్ళలో ఆ పేరు ఎందరికి? ఒక్కడికి. 96లో నా కుర్చీలోకి నేను తిరిగొచ్చాను. పధ్నాలుగు మందికి. ఊరి కృతజ్ఞత కూడా నాతోపాటు బదిలీ మీద వెళ్ళొచ్చిందంటారా?

అంతే మరి. నేనే.

పేరు తేలకుండా వచ్చేవాళ్ళండీ పాపం. "మా అత్తగారు ఒకటంటారు, మా ఆయన ఒకటంటారు, ఏం రాయించమంటారు?" పేరు గడి ఖాళీగా వదిలేసి, తీరిగ్గా వచ్చి రాయించుకోవచ్చు. ఆ మాట చెప్పడం నా ఉద్యోగం. చెప్పేవాణ్ణి కాదు. "ఖాళీగా ఉంటే మళ్ళీ తిరగాలమ్మా. ఓ మంచి పేరు చెప్పనా? పాతకాలం పేరు, దర్జాగా ఉంటుంది" అనేవాణ్ణి. ఎవరి పేరో మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

మీరు 91లో వచ్చారు. వాన. తడిసిన చొక్కాతో నా బల్ల ముందు నిలబడి, "ఏదో ఒకటి రాసేయండి సార్, అక్కడ మా ఆవిడకు జ్వరం" అన్నారు. రాసేశాను. పదేళ్ళు పోయాక మీరే నాతో అన్నారు, "మీ తమ్ముడి మీద గౌరవంతోనే మావాడికి ఆ పేరు పెట్టుకున్నాం సార్" అని. మీరు అబద్ధమాడలేదు, నిజంగానే నమ్మారు. నేనే దిద్దలేదు. వినడానికి హాయిగా ఉండింది.

తిట్టాలనుంటే తిట్టండి. కానీ ఇంకా ఉంది, అది కూడా విని తిట్టండి.

ఎందుకు చేశానంటే... వీధిలో ఎవరో ఒక తల్లి ఆ పేరు పెట్టి కేకేస్తే, ఎవడో ఒకడు "ఆఁ, వస్తున్నా" అనాలి. పలికేవాడు ఒకడుండాలి. నాకు అది కావలసి వచ్చింది.

మాది ఒకటే గది. నేను చరిత్ర పుస్తకం ముందేసుకుని కూర్చుంటే వాడు గోడకు చేరగిలబడి ఈల. ఒక్క పేజీ సాగేది కాదు. మిల్లు వాళ్ళు బాయిలర్ పనికి మనుషుల్ని తీసుకుంటున్నారు, ఉండటానికి చోటు కూడా ఇస్తారన్నారు. వాడు పోతే గది నాదవుతుంది. అంతే, అంతకు మించి కారణం లేదు! ఆ పనికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. వాడికి పదహారు.

ఇంట్లో పుట్టినవాడు, నమోదు కాలేదు. ఆలస్యపు నమోదులు చూసేది నేనేనాయె. పుట్టిన ఏడాది రెండేళ్ళు వెనక్కి జరిపి 1968లో పుట్టాడని రాశాను. అమ్మ అడిగింది, "నా కడుపున ఎప్పుడు పుట్టాడో నాకు తెలీదట్రా?" అని. "కాగితానికి తెలిస్తే చాల్లేవే" అన్నాను. చూశారా నా తెలివి!

ప్రమాదం మీద విచారణ జరిగినప్పుడు, బాయిలర్ గదిలో మైనర్లున్నారా అని అడిగారు. లేరని మిల్లు వాళ్ళు వాడి జనన ధ్రువపత్రం చూపించారు. కింద సంతకం నాదే. నోరెత్తలేదు.

మీరు ఊరుకున్నా నేను ఊరుకోను మేస్త్రీ. ఆ వాక్యం చోటులో పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కండి. చూసినవాళ్ళు లెక్క కట్టుకుంటారు. పోయింది 1988 జూన్ 9. పుట్టింది నా మాట మీద నమ్మొద్దు, పురుడు పోసిన నర్సమ్మ నోటు పుస్తకం తెచ్చాను. ఆవిడ చేతిరాతే, చదవండి.

"1970 నవంబరు 3, మంగళవారం, ఉదయం తొమ్మిదింపావు. మగపిల్లవాడు. తల్లీ బిడ్డా క్షేమం."